దామనపల్లి యుద్ధం తారు రోడ్డు మీద జరగలేదు



దామనపల్లి ఘాట్ యుద్ధం తారు రోడ్డు మీద జరగలేదు. 1922 సెప్టెంబరు 24న ఆ కనుమలో తారు లేదు, మలుపు దగ్గర రక్షణ గోడ లేదు, బండి ఆపి ఫొటో దిగే జాగా లేదు. అయినా ఏటా మే 7కీ, జులై 4కీ మన ఫోన్లలోకి వచ్చే వీడియోలు చూడండి. ఏదో ఒక ఘాట్ మలుపు, వెనకాల సినిమా పాట, "ఇక్కడే అల్లూరి తెల్లదొరలను కాల్చి చంపాడు" అని ఒక గొంతు. తీసినోళ్లు బండి దిగిందీ లేదు, గెడ్డ దాటిందీ లేదు.

ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. ఒకటి "ఇక్కడే" అనే మాట. రెండోది "చంపాడు" అనే మాట. చోటు ఏదో తేల్చుకోకుండా ఇక్కడే అనేస్తున్నారు. ఒక దండు మొత్తం కలిసి చేసిన పనికి ఏకవచనం పెడుతున్నారు. చంపాడు కాదు, చంపారు. ఎవరు, ఎక్కడ, ఎలా అన్నది ఆ కొండలు మనకి చెప్తాయి. అయితే కాళ్లతో వెళ్లి అడగాలి.

సీతారామరాజుని తగ్గించడానికి ఈ మాట అనట్లేదు. బయట నుంచి వచ్చి, మన కష్టం తన కష్టం అనుకుని, మన నేల మీదే ప్రాణం ఇచ్చిన మనిషి. ఆయనంటే మనకి గౌరవం, ఎప్పటికీ ఉంటుంది. కానీ ఏ గెడ్డ ఏ నెలలో దాటొచ్చో, ఏ గుట్ట మీద పడుకుంటే కింద బాట కనబడుతుందో, కాల్చాక ఏ డొంకలోంచి జారుకుంటే అవతలి లోయలో తేలతామో, అది ఆ దండుకి ఎవరు చెప్పారు? గాం గంటందొర, గాం మల్లుదొర, కంకిపాటి ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు లాంటోళ్లు చెప్పారు. పేరు దొరకని వందల మంది చెప్పారు. అన్నం మోసినోళ్లు, కబురు మోసినోళ్లు, పోలీసులొస్తే "మాకేం తెలీదు దొరా" అన్న ఆడోళ్లు చెప్పారు. ఆ జ్ఞానం విగ్రహంలో కనబడదు. నేల మీద కనబడుతుంది.

ముందు తేదీలు గుర్తు చేసుకుందాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు. 26 తుపాకులు, రెండు వేలకు పైగా తూటాలు చేతికొచ్చాయి. రాజవొమ్మంగి స్టేషన్లో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. సరిగ్గా నెల తిరిగేసరికి దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు కూలిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. రాయి మీద పేరు చెక్కి మరీ ఉన్నాయి.

ఆ మూడు స్టేషన్లనే ఒకసారి మనసులో పెట్టుకోండి. చింతపల్లి కొండ మీద. కృష్ణదేవిపేట కొండ కింద. రాజవొమ్మంగి ఇంకో దిక్కు. జీపుల్లేవు, ఫోన్లు లేవు. పొద్దున ఇక్కడ కొట్టి, మర్నాడు అక్కడ తేలాలంటే బాట తెలిసిన కాళ్లు కావాలి. చింతపల్లి నుంచి కిందకి దిగే పాత కాలిబాట ఒక్కసారి నడిచి చూస్తే చాలు, ఈ పోరాటంలో ఎవరి పాత్ర ఎంతో పుస్తకం తెరవకుండానే అర్థమవుతుంది.

ఇంకో సంగతి. ఈ ఫితూరీ పుట్టిందే రోడ్డు దగ్గర. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా పైకి రోడ్డు వేయాలని మన తాతలతో చాకిరీ చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో రావాల్సిన కూలీ చేతికి రాలేదు, ఎదురు తిరిగినోళ్లకి దెబ్బలు పడ్డాయి. బట్టిపనుకుల మునసబు గంటందొర అతనితో తగాదా పడి మునసబుగిరీ, భూమీ రెండూ పోగొట్టుకున్నాడు. అంతకు ముందే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడుని నేరం చేసింది. అంటే అడవి తాళం వేశారు, ఆ తాళం కాపలా కాయడానికి వచ్చే పోలీసుల కోసం మన చేతులతోనే రోడ్డు వేయించారు. ఆ రోడ్డు మీద కూర్చుని మన చరిత్ర చూస్తామంటే ఎలా? దొర చూసిన వైపు నుంచే చూస్తాం. పైనున్న గుట్ట మీంచి చూస్తే కదా మనవాళ్లు చూసింది కనబడేది.

అందుకే చెప్తున్నా, దిగండి. నడవండి. నడవడమంటే ఊరికే ట్రెక్కింగ్ కాదు. దానికో పద్ధతి ఉంది.

మొదటి పని, మారేవి ఏవి, మారనివి ఏవి అని విడదీసుకోవడం. వందేళ్లలో ఊరు జరుగుతుంది, రోడ్డు జరుగుతుంది, అడవి అంచు జరుగుతుంది. కొండ శిఖరం జరగదు. రెండు కొండల మధ్య కనుమ జరగదు. పెద్ద గెడ్డ కొంచెం ఒడ్డు మారుస్తుందేమో గానీ లోయ మార్చదు. సర్వే ఆఫ్ ఇండియా పాత అంగుళం మ్యాపుల్లో మన ప్రాంతం 65 కె షీట్ల కిందకి వస్తుంది. ఆ షీటు ఒకటి, ఫోన్లో శాటిలైట్ బొమ్మ ఒకటి పక్కపక్కన పెట్టండి. ముందు శిఖరాలు కలపండి, తర్వాత గెడ్డలు, తర్వాత కనుమ. ఊళ్లని ఆఖర్న కలపండి. చాలామంది ఊరి పేరుతో మొదలుపెడతారు, అక్కడే దారి తప్పుతారు. గూడెం కొత్త వీధి అన్న పేరే చూడండి. కొత్త వీధి అన్నారంటే పాతది ఒకటి ఉండేదనే కదా అర్థం. ఇంగ్లీషు కాగితాల్లో లంబసింగి "లమ్మసింగి" అని ఉంటుంది. మనోళ్లేమో కొర్రబయలు అంటారు. ఒకే చోటుకి మూడు పేర్లు. ఆఫీసు కాగితంలో ఒక పేరు దొరకలేదని ఆ ఊరే లేదనుకునేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు.

రెండోది, వాలు. లారీ ఎక్కాలంటే రోడ్డు వంకర్లు తిరగాలి. మనిషికీ, బరువు మోసే పశువుకీ ఆ అవసరం లేదు. కాలిబాట గెడ్డ పక్కనే పట్టుకుని, నిటారుగా ఎక్కి, కనుమ దగ్గర అవతలికి దిగిపోతుంది. అందుకని ఇప్పటి ఘాట్ రోడ్డు, అప్పటి ఘాట్ బాట ఒకటే అనుకోవద్దు. కొన్ని చోట్ల కలుస్తాయి, కొన్ని చోట్ల ఒక కొండ తేడా ఉంటుంది. సంతకి ఇప్పటికీ నడిచి వెళ్లే అవ్వలను అడగండి. "అడ్డదారి" అని వాళ్లు చూపించేదే చాలాసార్లు అసలు దారి.

మూడోది, కాలం. సెప్టెంబరు 24 అంటే వానాకాలం చివర. పొదలు నిండుగా, గెడ్డలు పొంగుతూ, కొండ మీద మబ్బు దిగి ఉండే రోజులు. జనవరిలో మంచు చూడటానికి వచ్చి, ఆకు రాలిన కొండని చూసి "ఇక్కడ దాక్కోవడం ఎలా కుదిరింది" అని అడిగితే కొండ ఏం చెప్తుంది? యుద్ధం జరిగిన నెలలోనే నడవాలి. ఇంకోటి, ఇప్పుడు కనబడే చెట్లని నమ్మొద్దు. చింతపల్లి, గూడెం కొత్త వీధి కొండల మీద కాఫీ, సిల్వర్ ఓక్, మిరియాల పాదులు తర్వాతి కాలంలో వచ్చినవి. అప్పటి కొండలో దట్టమైన అడవి ఒక చోట, పోడు కొట్టిన ఖాళీ ఇంకో చోట ఉండేవి. ఎక్కడ పోడు ఉండేదో ఊరి పెద్దలకి వాళ్ల తాతలు చెప్పి ఉంటారు, అడగండి.

నాలుగోది, చూపు. ముందు నడిచే దేశీ జవాన్లను పోనిచ్చి, వెనక వచ్చే దొరలను గురి పెట్టారన్నది దామనపల్లి గురించి అందరూ చెప్పుకునే మాట. ఆ మాటని నేల మీద పెట్టి పరీక్ష చేయండి. అలా జరగాలంటే బాట సన్నగా ఉండాలి, మనుషులు ఒకరి వెనక ఒకరు నడవాలి. ముందు వెళ్లినోళ్లు ఒక మలుపు తిరిగి కనుమరుగయ్యాకే వెనకోళ్లు గురిలోకి రావాలి. పైన పడుకున్నోళ్లకి రెండు ముక్కలూ కనబడాలి, కింద ఉన్నోళ్లకి పైవాళ్లు కనబడకూడదు. పైనోళ్లు కాల్చాక వెనక్కి జారుకునే దారి ఉండాలి. దూరం కూడా లెక్కే. నాటు తుపాకి గానీ, పాత పోలీసు మస్కెట్ గానీ నూరు గజాలు దాటితే గురి నమ్మలేం. ఇన్ని షరతులూ కలిసే చోటు ఒక కనుమలో ఎన్ని ఉంటాయి? నడిచి లెక్కపెట్టండి. ఒకరు బాట మీద నడవండి, ఇద్దరు పైన పడుకోండి, కనబడిన చోటా కనబడని చోటా గుర్తు పెట్టండి. అప్పుడు తెలుస్తుంది, అది అదృష్టం కాదని. ఆ చోటు ఎంచుకున్నోడికి ఆ కొండ సొంత ఇల్లంత తెలుసని.

దామనపల్లి ఒక్కటే చూసి ఆగిపోతే సగమే చూసినట్టు. 1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరి మళ్లలో ఇదే దండు మీద మలబారు పోలీసులు పడ్డారు. రెండున్నర నెలల తేడా. అదే నాయకుడు, అదే మనుషులు, అదే ధైర్యం. కానీ నేల మారింది. పంట కోతల కాలం, తెరిపి మళ్లు, దాక్కోవడానికి గట్టు తప్ప ఏం లేదు. అవతల నిమిషానికి 500 గుళ్లు కక్కే లూయిస్ గన్. కనుమలో ఆ గన్ను ఉంటే ఏం చేసేది? మలుపు దాటి కనబడని దాన్ని కాల్చలేదు. మడిలో మాత్రం అదే దేవుడు. మనోళ్లు అక్కడ పడిపోయారు.

ఈ రెండు చోట్లనీ ఒకదాని తర్వాత ఒకటి నడిచినోడికి ఇక ఎవరూ "ఆదివాసులు అమాయకులు, ఒక వీరుడు వచ్చి నడిపించాడు" అన్న కథ అమ్మలేరు. కొండ మన చేతిలో ఉన్నప్పుడు సామ్రాజ్యం ఓడింది. తెరిపి నేలకి లాగినప్పుడు మనం ఓడాం. నేల ఎవరిదో యుద్ధం వాళ్లది. నర్సీపట్నంలో ఇద్దరు దొరల పేర్లు రాతి మీద ఉన్నాయి. పెదగడ్డపాలెం మళ్లలో పడినోళ్ల పేర్లు మనలో ఎంతమంది చెప్పగలరు? ఈ ప్రశ్న సర్కారుని కాదు, ముందు మనల్నే అడుగుతున్నా.

ఇప్పుడు కొందరు అంటారు, "వందేళ్ల నాటి గొడవ తవ్వి ఏం లాభం తమ్ముడూ, డీఎస్సీకి చదువుకో, గ్రూప్స్‌కి చదువుకో." చదువుదాం. ఎవరు వద్దన్నారు? కానీ ఈ నడక చరిత్ర సరదా కాదు. ఇది పట్టా పని.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని కింద దావా వేస్తే ఎన్ని ఊళ్లలో ఏం జవాబు వచ్చింది? ఆధారం లేదు. మీరు ఇక్కడ ఎప్పట్నుంచో ఉన్నారనడానికి కాగితం ఏది? ఒక ఆఫీసులో నాకు తెలిసిన ఒక పెద్దాయనను ఇదే అడిగారు. ఆయన తాత నాటిన పనస చెట్టు కింద కూర్చుని రాసిన దావా అది. చెట్టుకి రబ్బరు స్టాంపు ఉండదు కదా, వెనక్కి పంపేశారు.

అదే చట్టం నియమాలు ఏం చెప్తున్నాయో చదవండి. 13వ నియమం ప్రకారం గెజిటీర్లు ఆధారం. సర్వే రిపోర్టులు, మ్యాపులు ఆధారం. ఊరి పెద్దల మాట రాసుకుంటే అది కూడా ఆధారం. భూమి చదును చేసిన గుర్తు, గట్టు, పాత బావి, శ్మశానం, దేవుడి చెట్టు, మన పెద్దలు కట్టిన వాటి ఆనవాళ్లు, ఇవన్నీ ఆధారాలే. ఫలానా రకం కాగితమే తెమ్మని పై కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణలో స్పష్టంగా రాశారు. శాటిలైట్ బొమ్మ ఆధారానికి తోడు మాత్రమే, ఆధారానికి బదులు కాదని కూడా రాశారు.

ఇప్పుడు రెండిటినీ కలపండి. దండుని వేటాడటానికి మద్రాసు ప్రభుత్వం రాసుకున్న కాగితాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అలాంటి వేట కాగితంలో ఏముంటుంది? ఏ ఊరి మీదుగా వెళ్లారు, ఏ ఊళ్లో తిండి దొరికింది, ఏ బాట పట్టారు, ఏ గెడ్డ దగ్గర ఆగారు. అంతకు 15 ఏళ్ల ముందే, 1907లో, విశాఖపట్నం జిల్లా గెజిటీర్ డబ్ల్యూ. ఫ్రాన్సిస్, గోదావరి జిల్లా గెజిటీర్ హెమింగ్వే రాసి పెట్టారు. అంటే మనల్ని పట్టుకోవడానికి, మన దగ్గర పన్ను గుంజడానికి వాళ్లు రాసిన రాతే, మనం అక్కడ ఉన్నామనడానికి సాక్ష్యం. ఊరే లేకపోతే ఆ ఊరి మీద పోలీసుల్ని ఎందుకు పంపారు? బాటే లేకపోతే ఆ బాట మీద దొరలు ఎలా చచ్చారు? ఈ ప్రశ్న దావా కాగితంలో రాయండి. జవాబు వాళ్లు చెప్పాలి.

కానీ కాగితంలో పేరు దొరికితే సరిపోదు. ఆ పేరు ఇవాళ ఏ నేల మీద ఉందో చూపించాలి. అక్కడే నడక కావాలి. యుద్ధం చోటు కలపడానికి చేసే పనీ, హక్కుల దావాకి అటవీ హక్కుల కమిటీ చేయాల్సిన పనీ ఒకటే. శిఖరం కలపడం, గెడ్డ కలపడం, పాత ఊరి జాగా వెతకడం. పాత ఊరు ఎలా దొరుకుతుంది? అడవి మధ్యలో చింతచెట్లు గుంపుగా ఉంటే, పనస, మామిడి వరసగా ఉంటే ఆగండి. పక్కన గోడ కట్టు రాళ్లు, రోలు రాయి, చదును చేసిన అరుగు కనబడొచ్చు. మనుషులు ఉన్న చోట మిగిలేవి అవే. దామనపల్లి కనుమ చదవడం నేర్చుకున్న పిల్లాడు తన ఊరి సామూహిక హక్కుల హద్దు కూడా చదవగలడు. అందుకే దీన్ని పట్టా పని అంటున్నా.

ఇంకొందరు అంటారు, "దీనికి శాఖలున్నాయి, నిపుణులున్నారు, మ్యూజియం కూడా మంజూరైంది." లంబసింగి దగ్గర ఆదివాసీ స్వాతంత్ర్య యోధుల మ్యూజియం మంజూరైన మాట నిజమే. రావాలి, మంచిదే. జిల్లాకి అల్లూరి పేరు 2022లో పెట్టారు, అదీ మంచిదే. కానీ అద్దాల వెనక తుపాకి పెట్టడం సులువు. ఆ తుపాకి పేలిన కొండ మీద ఆ ఊరోళ్లకి హక్కు ఇవ్వడం కష్టం. సులువైన పని చేసి కష్టమైన పని అయిపోయిందంటే ఒప్పుకోవద్దు. 2015 నవంబరులో జీవో 97 తెచ్చి చింతపల్లి అడవిలో 1212 హెక్టార్లు బాక్సైట్ కోసం ఇచ్చేశారు. ఆ రోజు కూడా అల్లూరి విగ్రహాలకి దండలు వేస్తూనే ఉన్నారు కదా. ఆ జీవో రద్దయింది మన జనం రోడ్డెక్కబట్టే. అండమాన్ జైలు చూసొచ్చిన మల్లుదొరను 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి పంపిన జనం మనం. మన తరఫున మాట్లాడటానికి మనకి మనుషులు లేకపోవడం అనేది ఎప్పుడూ లేదు.

నిపుణులు రావొద్దని కాదు. రండి, మ్యాపు చదవడం నేర్పండి, ఆర్కైవ్స్ కాగితం తెచ్చివ్వండి. కానీ గ్రామసభని అడిగి రండి. ఊరోళ్లు బాట చూపించే కూలీలుగా కాదు, పేరుతో సహా రాసే మనుషులుగా ఉండాలి. మన దారి చూపించడం, మన కూలీ తినేయడం, ఆ లెక్క బాస్టియన్ కాలంతో ముగియాలి.

మనవాళ్లకీ ఒక మాట. చోటు దొరికింది కదా అని ఆ సాయంత్రమే లొకేషన్ పెట్టి పోస్ట్ చేయొద్దు. ఇవాళ లొకేషన్ పెడితే రేపు టెంట్లు వస్తాయి, ఎల్లుండి రిసార్టు వస్తుంది, ఆ పైన మన ఆవులు అటు వెళ్లకుండా కంచె వస్తుంది. ముందు గ్రామసభలో పెట్టండి. మ్యాపు గ్రామసభ దగ్గర ఉండాలి. ఏది బయటికి చెప్పాలి, ఏది చెప్పకూడదు అని ఊరు తేల్చాలి. అటవీ హక్కుల చట్టం 3(1)(కె) సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కుని గుర్తించింది, దాన్ని వాడుకుందాం. పాత తూటా తొడుగో, ఇనప ముక్కో కనబడితే తవ్వొద్దు, జేబులో వేసుకోవద్దు. ఉన్న చోటే దానికి విలువ. ఫొటో తీయండి, ఎక్కడుందో రాయండి, వదిలేయండి. ఒంటరిగా వెళ్లొద్దు. వెళ్లే ముందు ఊళ్లో చెప్పండి, ఊరి మనిషిని తోడు తీసుకోండి, ఆయన రోజు కూలీ ఇవ్వండి.

చివరగా, చేయాల్సిన పని. వచ్చే సెప్టెంబరు 24కి దామనపల్లి వైపు వాళ్లు దామనపల్లి కనుమ నడవండి. డిసెంబరు 6కి పెదగడ్డపాలెం మళ్లు నడవండి. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి కలిపే కాలిబాటని ఆగస్టులో మూడు రోజులు నడవండి. ఈ చోట్లకి దూరంగా ఉన్నోళ్లు మీ ఊరి ఫితూరీ ఏదో పెద్దల్ని అడగండి. 1879 రంప ఫితూరీ బాటలు ఇంకా ఎవరూ నడవని ఊళ్లు చాలా ఉన్నాయి. ప్రతి నడకలో ఒక అవ్వో తాతో ఉండాలి, ఒక డిగ్రీ పిల్లో పిల్లాడో ఉండాలి, ఒక నోటు పుస్తకం ఉండాలి. మీ భాషలో ఉన్న పేర్లు మీ భాషలోనే రాయండి. రాసింది గ్రామసభలో చదివి, తీర్మానం చేసి, దావా ఫైలులో పెట్టండి.

దొరలు మన కొండల్ని మ్యాపులో పెట్టారు, మనల్ని మాత్రం నేరస్తుల జాబితాలో పెట్టారు. ఆ మ్యాపు తెచ్చుకుందాం. దాని మీద మన పేర్లు మనమే రాద్దాం.

జై ఆదివాసీ! జల్ జంగల్ జమీన్ మనదే!